ఎందుకు మాస్టారు

ఏమిటే అమ్మాయ్ అది, ఫోన్లో ఆ మనిషి అలా కిందా మీదా పడుతున్నాడు? ఏదీ, ఇలా తిప్పు. కళ్ళద్దాలు లేకపోతే నాకు మనిషీ బల్లా ఒక్కలాగే కనిపిస్తాయి. ఛాతీ కండలకి పన్నెండు వ్యాయామాలా? పన్నెండూ చేస్తావా ఏం? అగ్నిమాపక దళం వాళ్ళ పరీక్షలో దండీలు తియ్యాలన్నావు, ఆరు దగ్గర ఆగిపోతున్నానన్నావు, అంతవరకు నాకు గుర్తుంది. దానికి పన్నెండు దేనికి తల్లీ, మూడు చాలవూ? లేదులే, నేను కసరత్తు చెప్పేంతవాణ్ణి కాను. జన్మంతా కోట్లు కుట్టినవాణ్ణి. కోట్లు కుట్టాడు గానీ కోట్లు వెనకెయ్యలేదని మీ నాయనమ్మ ఎప్పుడూ అనేదిలే, అది వేరే సంగతి. నాకు తెలిసిందల్లా టేపు పెట్టి ఛాతీ కొలవడం. కానీ ఏ ఛాతీకి ఏ పని చెప్పాలో, అది ఎంచి చెప్పడం తెలిసిన మనిషిని ఒకాయన్ని చూశాను. ఎందుకు మాస్టారు. నవ్వకు, ఆయన్ని ఊరంతా అలాగే పిలిచేవాళ్ళు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. రసీదు పుస్తకంలో కూడా నేను అదే రాసుకున్నాను, ఎందుకు మాస్టారు, ఒక కోటు, అని.

ఎందుకంటే, ఆఁ, ఇదిగో నేనూ అదే మాట అంటున్నాను చూడు. ఎవరు వెళ్ళినా ఆయన మొదటి మాట అదే. మాస్టారూ, ఛాతీ పెంచాలండీ అంటే, "ఎందుకు?" అనేవాడు. వెటకారంగా కాదు. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడుగుతాడే, అలాగ. టైర్ల గోడౌను మీద మేడ ఆయన వ్యాయామశాల. పద్ధెనిమిది మెట్లు, మధ్యలో ఒక మలుపు. ఎక్కుతున్నంతసేపూ రబ్బరు వాసన, ఎక్కాక చెమట వాసన. పొడుగాటి గది, రెండు బల్లలు, ఒక ఇనుప కడ్డీ, దానికి తగిలించే చక్రాలు, దూలానికి ఒక కప్పీ, తాడు. అద్దం మాత్రం లేదు. ఒక్క అద్దం పెట్టించండి మాస్టారూ అంటే, ఇంట్లో ఉందిగా, అక్కడ చూసుకో అనేవాడు. రొట్టెలు కాల్చే ఆయన ఒకడు వచ్చి, పిండి పిసుకుతుంటే భుజం లాగుతోందండీ, ఛాతీకి ఏదైనా చెప్పండి అన్నాడట. ఈయన మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ భట్టీలో ఓ మూల నిలబడి, వాడు పిండి పిసుకుతుంటే పూటంతా చూసొచ్చాడు. చూసొచ్చి, నీ భుజానికేం కాలేదు, నీ బల్ల పొట్టిగా ఉంది, దాని కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టు అన్నాడు. అయిపోయింది వాడి వ్యాయామం. ఇంకో గుమాస్తా ఉండేవాడు, చొక్కా బొత్తాలు తెగేలా ఉండాలండీ నా ఛాతీ అన్నాడు. అయితే బిగుతు చొక్కా కుట్టించుకో అన్నాడు ఈయన. వాడు అలిగి వారం రోజులు రాలేదు. అలా ఉండేది వ్యవహారం. పెద్ద పొడుగరేం కాదు. వెడల్పు మనిషి. మెట్లెక్కుతుంటే ఆయన వెనక మనం కనిపించం.

నేను ఆయనకి ఎలా తగిలానంటే, అది చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గే. నాకప్పుడు ఇరవయ్యేడు. ఛాతీ ముప్ఫై అంగుళాలు, ఊపిరి బిగబట్టి కొలిస్తే. కోటు తగిలించే కర్ర ఉంటుంది చూడు, దానికి తల పెడితే నేనే. మా షాపు యజమాని ఏమన్నాడంటే, కోట్లు కుట్టేవాడు కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడితే బేరాలు వస్తాయిరా అన్నాడు. సరేనని నాకు నేను ఒక కోటు కుట్టుకున్నాను. లోపల కాన్వాసు కింద దూది, దాని మీద ఇంకో పొర దూది, భుజాలకి ప్యాడ్లు. అబ్బో, అది తొడుక్కుంటే నలభై అంగుళాల మగాణ్ణి. అది వేసుకుని నిలబడ్డ మూడో రోజో నాలుగో రోజో ఈయన కోటు కుట్టించుకోడానికి వచ్చాడు. ఎవరో మేనకోడలి పెళ్ళి. లోపలికి వచ్చినవాడు వచ్చినట్టే అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టి, కొంచెం నొక్కి, "దూది బాగా కూరావు. లోపల ఎవరున్నారు?" అన్నాడు. షాపంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. తరవాత కొలతలు తీస్తుంటే నాకు ఒక విషయం తెలిసింది. మొత్తం నలభై మూడు. కానీ నడిమి నుంచి కుడి వైపు ఎంత ఉందో ఎడమ వైపు అంత లేదు, నిండా అంగుళం తక్కువ. చంక దగ్గర లోపలికి ఒక గుంట. టైలరు అలాంటివి పైకి అనకూడదమ్మా. కాగితం మీద రాసుకుని, ఎడమ వైపు ఇంకో పొర కాన్వాసు వేసి సరిచెయ్యాలి, మనిషికి తెలియకుండా. కానీ ఆయనే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు పందెం కాసి ఎత్తకూడని బరువు ఎత్తాడట, గుడ్డ చిరిగినట్టు ఛాతీ కండ చిరిగిందట. "చుట్టూ అంతమంది ఉన్నారు. ఎత్తు ఎత్తు అన్నారు గానీ, ఎందుకురా అని ఒక్కడూ అడగలేదు. అడిగుంటే జవాబు లేక ఆగిపోయేవాణ్ణి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, పొద్దున్నే పైకి రా, దూదితో పని లేకుండా చూద్దాం అన్నాడు.

వెళ్ళాను. ఎందుకు అన్నాడు. ఆరోగ్యం కోసమండీ అన్నాను. ఊఁ, ఆరోగ్యం కోసమైతే నడువు, మెట్లెక్కడం దేనికి అన్నాడు. అని కూడా పొమ్మనలేదు. పక్కన బస్తాలు మోసేవాడు, వాణ్ణి అందరూ బస్తా అనే పిలిచేవాళ్ళు, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఇంతేసి చక్రాలు ఎత్తుతున్నాడు. నాకేమో కప్పీ మీంచి తాడు, దానికి ఇసక బాల్దీ, లాగు అన్నాడు. రోజూ లాగడమే. నేను ఛాతీ కోసం వస్తే మీరు వీపుకి చెప్తున్నారేమిటండీ అన్నాను ఒకరోజు ఉండబట్టలేక. "నీ ఛాతీ చిన్నది కాదు నాయనా, మడతపడి ఉంది. మిషను మీద వంగి వంగి భుజాలు ముందుకి ముడుచుకుపోయాయి. ముందు వెనక నుంచి లాగి సాపు చెయ్యాలి. నింపడం తరవాత" అన్నాడు. టైలర్ని కదా, మడత అనేసరికి నాకు ఠక్కున తలకెక్కింది. నెల తిరిగేసరికి గోడ మీద చేతులు ఆనించి నెట్టమన్నాడు, దండీలు కూడా కాదు. గోడ జాగ్రత్తరా టేపూ, అవతలింటివాళ్ళు పడిపోతారు అని బస్తా నవ్వేవాడు. టేపు అంటే నేనే, మెడలో ఎప్పుడూ వేలాడేది కదా. సరే, ఏం చెప్తున్నాను? ఆఁ, చేతులు. గోడ నెడుతుంటే ఒకరోజు నా ముంజేతులు పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. ఈ గోళ్ళ గీతలేమిటి అన్నాడు. పిల్లి అన్నాను. పిల్లి ఇంత వెడల్పు గోళ్ళతో గీరదు అన్నాడు. ఇంక చెప్పేశాను. నీకు గుర్తుందిగా మా అక్క? నువ్వు చిన్నప్పుడు ఆవిడ చక్రాల కుర్చీ ముందు కూర్చుంటే నీకు రెండు జడలు వేసేది. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి నడుం కింద నుంచి చచ్చుబడిపోయింది. మా నాన్న వడ్రంగి. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి దొడ్లోకి, మళ్ళీ లోపలికి, పాతికేళ్ళ పైన ఆయనే ఎత్తాడు, పసిపిల్లని ఎత్తినట్టు. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే అక్క మా షాపుకి బొత్తాల కాజాలు కుట్టేది. ఆ కాజా చూడాలి నువ్వు, అచ్చు పోసినట్టు ఉండేది. నాన్న ఆ ముందటేడే పోయాడు. ఇంక ఎత్తాల్సింది నేను. అమ్మ కాళ్ళ వైపు, నేను చంకల కింద. ఒకరోజు పొద్దున నా చేతుల్లోంచి జారిపోయింది. పట్టు కోసం నా చేతులు గీరేసింది, గడ్డం మంచం కోడుకి తగిలి రక్తం. నేను తుడవడానికి గుడ్డ వెతుకుతుంటే, ఏం కాలేదురా, బొత్తాల పెట్టె ఒలికిపోయింది, ముందవి ఏరు అంది. అదీ మా అక్క. షాపు గుమ్మంలో దూది కోటు వేసుకుని నిలబడ్డవాణ్ణి, ఇంట్లో అక్కని ఎత్తలేనివాణ్ణి. అది ఎవరితో చెప్పుకోను?

మాస్టారు అంతా విని, పదిమందిలో ఏమీ అనకుండా, షాపు సెలవు రోజున మా ఇంటికి వచ్చాడు. అప్పుడే తెలిసింది నాకు, ఆయన వెనక ఎప్పుడో ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తి దించే పని చేశాడని. ఆ చదువంతా అక్కడిది. గుమ్మం దగ్గరే నిలబడి, ఒకసారి ఎత్తండి చూస్తాను అన్నాడు. ఎత్తాం. ఆయన నన్ను చూడలేదు, అమ్మని చూడలేదు. అక్క చేతులే చూశాడు. దించాక, "అమ్మా, నీకు బలం ఎందుకు కావాలి?" అని అడిగాడు. ఆవిడకి కాదండీ నాకు అని నేను మధ్యలో దూరాను. చెయ్యెత్తి ఆగమన్నాడు. మా అక్కని అంతవరకు డాక్టర్లు కూడా నన్నో అమ్మనో అడిగేవాళ్ళు గానీ ఆవిణ్ణి అడిగింది లేదు. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి. కుడుతున్న కాజా మీంచి తల ఎత్తకుండా, "దాహం వేసినప్పుడు నీళ్ళు తాగాలండి" అంది. నాకు అర్థం కాలేదు. కుండ పక్కనే ఉంటుంది కదా అనుకున్నాను. అమ్మ మాత్రం ముఖం పక్కకి తిప్పేసుకుంది. అప్పుడు తెలిసింది తల్లీ. నీళ్ళు తాగితే దొడ్లోకి వెళ్ళాలి, వెళ్ళాలంటే మమ్మల్ని పిలవాలి, మేము ఎత్తాలి. అందుకని మధ్యాహ్నం అన్నం దగ్గర ఒక గ్లాసు తాగితే మళ్ళీ మర్నాటి దాకా ముట్టేది కాదట. ఎండాకాలం కూడా. నాన్న ఉన్నప్పుడూ అంతేనట. పాతికేళ్ళు. ఒక్క ఇంట్లో ఉండి నేను చూడలేదు. మాస్టారు, అయితే వ్యాయామం మీ తమ్ముడికి కాదమ్మా, నీకు అన్నాడు. అప్పుడు ఎంచడం మొదలుపెట్టాడు చూడు, నేను గుడ్డ ఎంచినట్టు. దండీలు వద్దు, కాళ్ళు ఆనవు కాబట్టి నడుం మీద పడుతుంది. చేతులు బార్లా చాపి బరువు పట్టేవి అసలే వద్దు. "నీ భుజాలే నీ కాళ్ళు. ముసలితనం దాకా నడవాల్సింది వాటి మీదే. వాటిని అరగదీసే పని ఏదైనా సరే, ఎంత గొప్పదైనా సరే, మనకి వద్దు" అన్నాడు. ఇవన్నీ తీసేశాక మూడు మిగిలాయి. మొదటిది, చాప మీద వెల్లకిలా పడుకుని రెండు చేతుల్తో రెండు ఇస్త్రీపెట్టెలు పైకి నెట్టడం. డంబెల్స్ మా ఇంట్లో ఎక్కడివి? నా బొగ్గుల పెట్టెలే, బొగ్గులు లేకుండా. మోచెయ్యి నేలకి తగలగానే ఆగిపోతుంది, భుజం అంతకంటే కిందికి పోకుండా నేలే కాపలా. రెండోది, మంచం మీద కూర్చుని తొడలకి చెరో పక్క నాన్న కోసి వదిలేసిన చెక్క దిమ్మలు పెట్టుకుని, వాటిని నొక్కి ఒంటిని పైకి లేపడం. మూడోది, కిటికీ ఊచలకి తాడు కట్టి వెనక్కి లాగడం, ఎందుకంటే ముందు ఎంత నెడితే వెనక అంత లాగాలి, లేకపోతే నాలాగా మడతపడతారు. ఛాతీ ఛాతీ అంటాం గానీ, మనిషి తనని తాను పైకి నెట్టుకునేది దాంతోనేనట.

ఆ రెండో దానికి ఆయన ఒక పరీక్ష పెట్టాడు. నేను గుడ్డ కోసే ముందు నమూనాలు గీసుకునే కాగితం ఉంటుంది కదా, ఆ కాగితం అక్క కింద పరిచి, అక్క దిమ్మలు నొక్కి లేస్తుంటే నన్ను లాగమన్నాడు. చిరక్కుండా వస్తే లేచినట్టు. ఐదు వారాలు కాగితాలు చిరిగాయి. షాపు యజమాని, ఏరా కాగితాలు తింటున్నావా అన్నాడు. ఆరో వారం ఒక మంగళవారం పొద్దున చప్పుడు లేకుండా మొత్తం కాగితం నా చేతిలోకి వచ్చేసింది. నేను వెనక్కి పడ్డాను. అక్క ఆ కాగితం ఇలా తే అని తీసుకుని, మడత పెట్టి తలగడ కింద పెట్టుకుంది. మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చేవాడు, పది నిమిషాలు, అంతే. ఐదో నెలలో మంచానికీ కుర్చీకీ మధ్య ఒక నున్నటి చెక్క వేసి, ఇంక రా అన్నాడు. అక్క చెక్క మీద చేతులు ఆనించి, జానెడు జానెడు జరుగుతోంది. మధ్యలో ఒకచోట ఆగి ఒగరుస్తోంది. నేను ముందుకి ఉరకబోతే నా మణికట్టు పట్టుకున్నాడాయన. ఆ పట్టుకి చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది. అక్క కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. కూర్చుని, జుట్టు సరిచేసుకుని, అమ్మా ఒక గ్లాసు నీళ్ళివ్వు అంది. గటగటా తాగి, ఇంకోటి అంది. ఇంతవరకు బాగానే ఉందా? ఇక్కడ నేనొక వెధవ పని చేశాను. ఆశ తల్లీ. ఇంకా తొందరగా ఇంకా బలం రావాలని. వ్యాయామశాలలో బస్తా పడుకుని చేతులు రెక్కల్లా బార్లా చాపి బరువులు పైకి తెచ్చేవాడు, అది చేస్తే ఛాతీ దుక్కలా పెరుగుతుందని చెప్పాడు. ఆయన వద్దన్నదే అది. నేను ఇంటికొచ్చి, అక్కా, మాస్టారు ఇది కూడా చెయ్యమన్నారు అన్నాను. అబద్ధం. ఇస్త్రీపెట్టెలు పట్టుకుని అక్క చేతులు చాపింది. మూడోసారికి కుడి భుజం పట్టేసింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంక చెయ్యి లేవదు. మంచం దిగడం సంగతి దేవుడెరుగు, సూది పట్టుకోలేకపోయింది. అమ్మకి మొదట్నుంచీ ఇది నచ్చలేదు. నెల ముందే అక్క జాకెట్టు పక్క కుట్లు విప్పి రెండంగుళాలు వదలాల్సి వచ్చింది, ఆడపిల్లకి ఈ భుజాలేమిటిరా, చూసినవాళ్ళు నవ్వరా అని గొణుగుతూనే ఉంది. ఇంక ఆ రోజు మాస్టారు గుమ్మంలోకి రాగానే పట్టుకుంది. "ఉన్న కాళ్ళు దేవుడు తీసుకున్నాడు, మిగిలిన చేతులు నువ్వు తీసుకుపోవడానికి వచ్చావా నాయనా? వెళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కకు" అంది. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మిషను సర్దుతూ నిలబడ్డాను. ఆయన, సరేనమ్మా అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మెట్లెక్కి వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడినంత పని చేశాను. నాకు తెలుసులే అన్నాడు. నేను చెప్పిన మూడింటిలో భుజాన్ని అలా పట్టేది ఏదీ లేదు, గుమ్మంలోనే తెలిసింది అన్నాడు. మరి అమ్మతో ఎందుకు చెప్పలేదండీ అన్నాను. "ఆవిడ కోపం ఎవరో ఒకరి మీద పెట్టుకోవాలి కదా. రోజూ ముఖం చూసుకునే కొడుకు మీద కంటే నా మీద పెట్టుకుంటేనే ఇంటికి మంచిది" అన్నాడు. అని, భుజం ఎలా ఉంది, ఏ వైపు తిప్పితే నొప్పి, అన్నీ అడిగి, ఇస్త్రీపెట్టెలు దాచెయ్యి, ఆరు వారాలు చెయ్యి గోడకి ఆనించి మెల్లగా నెట్టడం ఒక్కటే అని చెప్పాడు. అక్కకి కూడా చెప్పేశాను నిజం. మాస్టారు చెప్పారని ఎందుకన్నావురా అంది. నా మాట వినవేమోనని అన్నాను. నీ మాట నేనెప్పుడు వినలేదురా అంది. అంతే. తిట్టినా బాగుండును. భుజం నయమయ్యాక కూడా అమ్మ ఆయన పేరెత్తనివ్వలేదు. రెండు నెలలు చూసింది అక్క. ఒకరోజు పొద్దున అమ్మ బజారుకి వెళ్ళింది. నేను షాపులో సూదిలోకి దారం ఎక్కిస్తుంటే పక్క కొట్టువాడు వచ్చి, ఏమయ్యా, మీ అక్క రోడ్డు మీద వెళ్తోంది అన్నాడు. పరిగెత్తాను. నాన్న ఎప్పుడో చేసిన చక్రాల పలక, దుమ్ము కొట్టుకుపోయి ఉండేది మంచం కింద. దాని మీద కూర్చుని, దిమ్మలు రెండు చేతులా పట్టుకుని నేలని వెనక్కి నెట్టుకుంటూ, నడి వీధిలో వెళ్తోంది. చెమటకి రవిక తడిసిపోయింది. జనం ఆగి చూస్తున్నారు. నేను పలక వెనక చెయ్యి వేస్తే, "నెట్టకు. పక్కన నడువు" అంది. నాలుగు వీధులు. రెండు చోట్ల ఆగింది. గోడౌను ముందు ఆపి, తల పైకెత్తి, మాస్టారూ అని పిలిచింది. పైన బరువుల చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద ముందు బస్తా దిగాడు, వెనక ఇంకో నలుగురు. నేను ఎత్తుకుని తీసుకెళ్తానమ్మా పైకి అన్నాడు బస్తా, మంచి మనసుతోనే. అక్క వద్దంది. మాస్టారు చివరి మెట్టు మీద నిలబడి, ఆవిడ అంత దూరం వచ్చింది కదరా, ఈ పద్ధెనిమిది మెట్లు మనం దిగలేమా అన్నాడు. ఒక బల్ల దింపారు. టైర్ల యజమాని ఓ పక్కకి టైర్లు జరిపి చోటు ఇచ్చాడు.

అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. వచ్చేసరికి అక్క బల్ల మీద పడుకుని రెండు డంబెల్స్ నెడుతోంది, మాస్టారు తల దగ్గర నిలబడి లెక్క చెప్తున్నాడు. ఇంక గొడవే అనుకున్నాను. అమ్మ నిలబడి చూసింది. పది అయ్యేదాకా చూసింది. తరవాత వెళ్ళి ఒక టైరు మీద కూర్చుంది. ఆ రోజు నుంచి పొద్దున్నే అక్క పలక పక్కన నడిచి రావడం, ఆ టైరు మీద కూర్చోవడం, అయ్యాక వెళ్ళడం. మాస్టారితో మాత్రం ఒక్క మాట లేదు, ఏళ్ళ తరబడి. ఆయనా పలకరించలేదు. కిందనే బల్ల ఉంది కదా అని ఇంకా కొందరు రావడం మొదలెట్టారు, మెట్లెక్కలేని వాళ్ళు. మిల్లులో కాలు పోయిన ఆయన ఒకడు, మోకాళ్ళు అరిగిన టీచరమ్మ ఒకావిడ. ఒక్కొక్కళ్ళనీ మళ్ళీ అదే, ఎందుకు, అని. ఎవరిది వాళ్ళకి వేరే. ఎవరికీ మూడు నాలుగుకి మించి చెప్పలేదు. ఆయన తొమ్మిదేళ్ళ తరవాత కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడు. కార్డు వచ్చింది. చివరి చూపుకి వెళ్ళేంత వ్యవధి లేకపోయింది. అప్పటికి అక్క మా షాపులో కూర్చుని కత్తిరించే పని చేస్తోంది, నా కంటే బాగా. తరవాత తనే షాపు పెట్టింది. డెబ్భై నాలుగేళ్ళు బతికింది, ఎవరి చేతా ఎత్తించుకోకుండా. ఆఖర్లో ఒక డాక్టరమ్మ చూసి, ఇన్నేళ్ళు కుర్చీలో ఉన్నవాళ్ళకి భుజాలు అరిగిపోతాయండీ, మీవేంటి ఇలా ఉన్నాయి అని ఆశ్చర్యపోయింది. ఎంచినవాడు అలా ఎంచాడమ్మా అంది అక్క. నేనా? ముప్ఫై ఆరు దాకా వచ్చాను. దూది తీసేసి కోటు మళ్ళీ కుట్టుకున్నాను. ఆయనకి నేను చేతులారా ఒక దండం కూడా పెట్టలేదు, ఏదో కోటు కుట్టిచ్చాను, కుట్టు బాగుంది అన్నాడు, అంతే మా ఇద్దరి మధ్య. నువ్వు ఆ పన్నెండూ చూపించావు కదా, అందుకని ఇదంతా. అమ్మ సంగతి చెప్పలేదు కదూ. అమ్మ చివరి రోజుల్లో మంచం పట్టింది. నాకూ అప్పటికి నడుం నొప్పి. అక్క కుర్చీ మంచానికి ఆనించి, చెయ్యి అమ్మ వీపు కిందికి పోనిచ్చి, ఒక్క ఊపున లేపి కూర్చోబెట్టేది. కాళ్ళు కదలని మనిషి. ఒకరోజు అలా లేపితే అమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసి, వేసినట్టే ఉంచేసింది. చాలాసేపు. తరవాత, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు, "ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనైనా అనలేదు నేను" అంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, నేను అప్పుడైనా చెప్పాల్సింది, ఆ ఇస్త్రీపెట్టెల పని నాదేనని...

పాలు పొయ్యి మీద పెట్టి వచ్చావా నువ్వు? చూడు, పొంగుతున్న వాసన వస్తోంది.